నలుగురిలో పెరిగే బుద్ధి



ఈ పూట మనం పిల్లల బుద్ధి గురించి మాట్లాడుకుందాం. బిడ్డకు తెలివి ఎక్కడి నుంచి వస్తుంది? పుట్టుకతోనే వస్తుందంటారు కొందరు. బడికి పోతే వస్తుందంటారు ఇంకొందరు. రెండిట్లోనూ నిజముంది. పుట్టుక కావాలి, బడీ కావాలి. కానీ ఆ రెంటికీ మధ్యన ఇంకొకటుంది. దాన్ని మనం లెక్కలోకి తీసుకోం. బిడ్డ చుట్టూ ఉండే మనుషులు. వాళ్ళు ఆడే మాట, చేసే పని, చెప్పే కథ, జరిపే పండుగ. బిడ్డ తెలివి ముందు నలుగురి మధ్య పుడుతుంది. ఆ తర్వాతే తలలోకి చేరుతుంది. ఈ పూట నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క మాటే. మధ్యమధ్యలో మళ్ళీ మళ్ళీ చెబుతాను. రేడియోలో పేజీ వెనక్కి తిప్పడానికి వీలుండదు కదా!

ఎక్కడో దూరదేశాల ముచ్చట్లతో మొదలుపెట్టను. మన దగ్గరే మొదలుపెడతాను. ఖమ్మం దాటి, కొత్తగూడెం, పాల్వంచ దాటి గోదావరి వైపు వస్తుంటే అడవి దగ్గరపడుతుంది. వంతెన దాటితే భద్రాచలం. అటు పైకి పోతే దుమ్ముగూడెం, చర్ల, ఆ తర్వాత ఛత్తీస్‌గఢ్. ఈ చుట్టుపక్కల కోయ గుంపులున్నాయి, లంబాడీ తండాలున్నాయి, కొండరెడ్ల ఊళ్ళున్నాయి. ఈ ఊళ్ళలో పెరిగే పిల్లల గురించి బయటివాళ్ళు ఒక మాట అంటుంటారు. "పాపం, వీళ్ళకు ఏమీ తెలియదండీ. మొదటి నుంచీ నేర్పాలి" అని. ఆ మాట ఎంతవరకు నిజమో చూద్దాం.

ఏప్రిల్ నెల చివర అనుకోండి. బీడీల కోసం తునికాకు కోసే రోజులు. తెల్లవారుజామున అడవికి పోయినవాళ్ళు పొద్దెక్కేసరికి ఆకు మూటలతో ఇల్లు చేరతారు. చెట్టు నీడన కూర్చుని కట్టలు కడతారు. సాయంత్రానికి ఆ కట్టలు ఆకు కొనే కల్లానికి చేరాలి. కట్టకు 50 ఆకులు. ఒకటి తగ్గితే అక్కడ లెక్క చూసుకునే కల్లేదారు ఊరుకోడు. ఒకటి ఎక్కువైతే మన చెమట ఊరికే పోయినట్టు.

నాయనమ్మ పక్కన ఆరేళ్ళ మనవరాలు కూర్చుంటుంది. ఆ పిల్లకు ఎవరూ పాఠం చెప్పరు. మొదటి ఏడాది ఆ పిల్ల పని కట్టలు కట్టే నార అందించడం. అంతే. కానీ కళ్ళు మాత్రం నాయనమ్మ చేతుల మీదే ఉంటాయి. మరుసటి ఏడాది ఆకు ఏరుతుంది. చిల్లులు పడ్డది, చినిగినది, మరీ లేతది తీసి పక్కన పెడుతుంది. అనుమానం వచ్చిన ఆకును చేత్తో పట్టుకుని నాయనమ్మ మొహం చూస్తుంది. ఆవిడ తల ఊపితే సరే. "ఊహూఁ" అంటే ఆ ఆకును తిప్పి మళ్ళీ చూస్తుంది. ఆ పై ఏడాది లెక్క మొదలవుతుంది. అయిదేసి ఆకులు పేర్చుకుంటూ పోవడం. ఎక్కడో ఒకచోట తప్పుతుంది. నాయనమ్మకు కట్ట చేతిలోకి తీసుకోగానే తెలిసిపోతుంది. కానీ ఎక్కడ తప్పిందో చెప్పదు. "మళ్ళీ చూడు" అంటుంది. అంతే. పిల్ల మళ్ళీ లెక్కపెడుతుంది.

ఇంకొన్నాళ్ళకు ఆ పిల్ల ఒక్కతే కూర్చుని కట్ట కడుతుంటుంది. పక్కన నాయనమ్మ లేదు. చెయ్యి ఆగుతుంది. ఏదో తేడా కొట్టింది. అప్పుడా పిల్ల తనలో తనే అనుకుంటుంది. ఏమని? "మళ్ళీ చూడు" అని.

చూశారా! నిన్నటిదాకా ఆ మాట నాయనమ్మ నోట్లో ఉంది. ఈ రోజు ఆ పిల్ల తలలో ఉంది. బయటి మాట లోపలికి వచ్చి ఆలోచన అయింది. తన పని తను సరిచూసుకునే తెలివి అలా వచ్చింది.

ఇక్కడ ఒక మాట ఖచ్చితంగా చెప్పాలి. పిల్లల చేత కూలి చేయించమని కాదు నేననేది. బడి మాన్పించి పనికి పంపడం తప్పు, చట్టం ప్రకారం నేరం కూడా. పెద్దవాళ్ళ పక్కన కూర్చుని, చూస్తూ, కాసేపు చెయ్యి కలపడం వేరు. కూలికి పంపడం వేరు. ఆ తేడా మనందరికీ తెలుసు.

ఇప్పుడు దూరదేశపు మనిషిని ఒకరిని పరిచయం చేస్తాను. ఆయన పేరు లెవ్ వైగాట్‌స్కీ. టీచరు ఉద్యోగం కోసం డీఎస్సీకి, టెట్‌కు చదివినవాళ్ళకు ఈ పేరు కంఠతా వచ్చే ఉంటుంది. ఇప్పుడు బెలారస్ అని పిలుస్తున్న దేశంలో 1896లో పుట్టాడు. క్షయవ్యాధితో 1934లో చనిపోయాడు. అప్పటికి ఆయన వయసు 37 ఏళ్ళే. అదే 1896లో స్విట్జర్లాండ్‌లో ఇంకో పెద్దాయన పుట్టాడు. పియాజె. పిల్లల మనసు ఎలా ఎదుగుతుందో ఇద్దరూ చూశారు. పియాజె ఎక్కువగా బిడ్డను చూశాడు. బిడ్డ వస్తువులను తాకి, తిప్పి, పడేసి, తనంతట తాను లోకాన్ని ఎలా తెలుసుకుంటుందో చూశాడు. వైగాట్‌స్కీ బిడ్డనూ, బిడ్డ పక్కనున్న మనిషినీ కలిపి చూశాడు. ఆయన చెప్పింది ఇదీ. పిల్లల తెలివి రెండుసార్లు కనిపిస్తుంది. మొదట ఇద్దరు మనుషుల మధ్య, తర్వాత ఆ బిడ్డ లోపల. నాయనమ్మ అన్న "మళ్ళీ చూడు" లాగా.

ఆయన ఇంకో సంగతి కూడా చెప్పాడు. బిడ్డకు ఏం వచ్చో చూడాలంటే ఒంటరిగా ఏం చేయగలదో చూస్తే సరిపోదు. పక్కన ఒకరు కాస్త సాయం పడితే ఏం చేయగలదో కూడా చూడాలి. ఒంటరిగా చేయలేనిది, సాయముంటే చేయగలిగేది, ఆ మధ్య జాగాలోనే చదువు జరుగుతుంది. మన పుస్తకాల్లో దాన్ని సామీప్య వికాస మండలం అని రాస్తారు. పేరు పెద్దదే కానీ సంగతి చిన్నది. ఈ రోజు సాయంతో చేసింది రేపు తనే చేస్తుంది. నార అందించే పిల్లకు నాయనమ్మ ఒక్కసారే కట్ట కట్టమని ఇవ్వలేదు. అలాగని ఏళ్ళ తరబడి నార దగ్గరే ఉంచలేదు. పిల్ల చేయగలిగే దానికి ఒక్క మెట్టు పైది ఇస్తూ పోయింది. 1976లో అమెరికా పండితుడు జెరోమ్ బ్రూనర్, ఆయనతో పనిచేసినవాళ్ళు ఈ సాయానికి ఇల్లు కట్టేవాళ్ళ పరంజా పేరు పెట్టారు. గోడ లేచేదాకా పరంజా ఉండాలి. గోడ లేచాక తీసేయాలి. తీసేయకపోతే అది సాయం కాదు, అడ్డం.

ఇప్పుడింకో ఉదాహరణ. కోయవాళ్ళలో గట్లున్నాయి. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు, ఇలా ఏడో గట్టు దాకా. ఒక్కో గట్టులో కొన్ని ఇంటిపేర్లు. ఒకే గట్టువాళ్ళు అన్నదమ్ముల కింద లెక్క. వాళ్ళలో వాళ్ళకు పెళ్ళి కుదరదు. పెళ్ళి వేరే గట్టువాళ్ళతోనే.

ఊళ్ళో పండుగ జరుగుతోంది. ఎక్కడి నుంచో ఒక చుట్టం వచ్చాడు. పెద్దలు ముందు అడిగేది ఇంటిపేరు, గట్టు. పక్కనే నిలబడ్డ ఆరేడేళ్ళ పిల్లాడు వింటుంటాడు. ఆ మాట విన్న మరుక్షణం అతనికి తెలిసిపోతుంది, ఈయన్ని అన్న అనాలా, మామ అనాలా, బావ అనాలా అని. చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ ఆ పిల్లాడు ఏం చేశాడో ఒక్కసారి ఆలోచించండి. ఇంటిపేరును బట్టి గట్టు తెలుసుకున్నాడు. ఆ గట్టును తన గట్టుతో పోల్చాడు. ఒకటేనా, వేరా అని తేల్చాడు. దాన్ని బట్టి వరస నిర్ణయించాడు. లెక్కల పుస్తకంలో సమితులు, సైన్సు పుస్తకంలో వర్గీకరణ అని మనం ఏ తెలివిని నేర్పుతామో, అదే తెలివి. ఆ పిల్లాడికి అది పుస్తకంలో రాలేదు. పండుగలో, పెళ్ళిలో, పెద్దల మాటల్లో వచ్చింది. మళ్ళీ అదే మాట చెబుతున్నాను. తెలివి ముందు నలుగురి మధ్య, తర్వాత తలలో.

మూడో ఉదాహరణకు మణుగూరు పోదాం. మణుగూరు దగ్గర కూనవరం అనే ఊరుంది. ఆ ఊరి మనిషి సకిని రామచంద్రయ్య. డోలి అనే వాద్యం వాయిస్తూ కథలు చెప్పే కళాకారుడు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024లో కాలం చేశారు. సమ్మక్క సారలమ్మ గాథనూ, కోయ వీరుల కథలనూ ఆయన కోయలో చెప్పేవారు, తెలుగులోనూ చెప్పేవారు. చేతిలో కాగితం ఉండేది కాదు. అంతా మనసులోనే.

అంత పెద్ద కథ మనసులో ఎలా నిలుస్తుంది? డోలి వాయించే వాళ్ళ దగ్గర పడిగె ఉంటుంది. పడిగె అంటే బొమ్మలున్న మూడు మూలల గుడ్డ. ఒక్కో గట్టుకు, ఒక్కో వంశానికి దాని పడిగె ఉంటుంది. బొమ్మ చూపిస్తూ, డోలి వాయిస్తూ ఆ వంశం పుట్టుక కథ చెబుతారు. తరువాత ఏం జరిగిందో బొమ్మ గుర్తు చేస్తుంది. ఎలా చెప్పాలో దరువు గుర్తు చేస్తుంది.

ఇక్కడ మళ్ళీ వైగాట్‌స్కీని తలుచుకోవాలి. రైతుకు నాగలి ఎలాగో మనసుకు కూడా పనిముట్లుంటాయన్నాడాయన. అక్షరం ఒక పనిముట్టు. అంకె ఒక పనిముట్టు. బొమ్మ, పాట, ముడి కూడా పనిముట్లే. ఆయనతో పనిచేసిన లియోంతియేవ్ పిల్లలకు కొన్ని మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమన్నాడు. కొన్నిసార్లు చేతికి బొమ్మల కార్డులు కూడా ఇచ్చాడు. మరీ చిన్నపిల్లలకు ఆ కార్డులతో పెద్దగా పనిపడలేదు. బడి ఈడు పిల్లలు మాత్రం బొమ్మను ఆసరా చేసుకుని చాలా ఎక్కువ మాటలు గుర్తుపెట్టుకున్నారు. పడిగె చేసే పని అదే కదా! ఏ ప్రయోగశాలా లేని చోట, ఏ చదువూ చదవని పెద్దలు, మనిషి జ్ఞాపకాన్ని పెంచే పనిముట్టు తయారుచేసుకున్నారు. దాని ముందు కూర్చుని కథ విన్న పిల్లలకు కథ ఒక్కటే అందలేదు. ఒకదాని తర్వాత ఒకటి వరసపెట్టి చెప్పడం అందింది. ఇది జరిగింది కాబట్టి అది జరిగిందని కారణం పట్టుకోవడం అందింది.

ఇంతవరకు ఊరి ముచ్చట. ఇప్పుడు బడిలోకి పోదాం.

నార అందించిన ఆ పిల్ల, వరస తేల్చిన ఆ పిల్లాడు ఒకటో తరగతిలో కూర్చున్నారు. టీచరు పెన్సిలు ఎత్తి చూపించి "ఇదేంటి?" అని అడిగారు. ఇద్దరూ మాట్లాడలేదు. టీచరు మళ్ళీ అడిగారు. మళ్ళీ మౌనం. టీచరు మనసులో అనుకున్నారు, "పెన్సిలు కూడా తెలియదు" అని.

నిజంగా తెలియకనేనా? రెండు కారణాలుండొచ్చు. మొదటిది భాష. ఇంట్లో కోయ, బడిలో తెలుగు. ప్రశ్నే అర్థం కాకపోతే జవాబు ఎక్కడి నుంచి వస్తుంది? రెండో కారణం మన కంట పడదు. ఊళ్ళో పెద్దవాళ్ళు తమకు తెలిసిన దాన్ని పిల్లలను అడగరు. "ఆవు ఎటు పోయింది?" అని అడుగుతారు, తెలియదు కాబట్టి. "చెరువులో నీళ్ళెంత ఉన్నాయి?" అని అడుగుతారు, తెలియదు కాబట్టి. కానీ బడిలో టీచరు చేతిలో పెన్సిలు పట్టుకుని అదేంటని అడుగుతున్నారు. ఆయనకు తెలుసు. తెలిసి ఎందుకు అడుగుతున్నారు? ఏదో మెలిక ఉందనుకుంటాడు పిల్లాడు. ఊరుకోవడమే మంచిదనుకుంటాడు. తెలివి లేక కాదు, ఆ ఆట నియమం తెలియక. పట్నం ఇళ్ళలో అమ్మానాన్నలు పసిబిడ్డతో పొద్దస్తమానం ఆ ఆటే ఆడతారు. "ముక్కేదీ? కాకేదీ?" అని. అక్కడి పిల్లలు ఆ ఆట నేర్చుకునే బడికి వస్తారు.

ఇలాంటి కథే ఇంకొకటుంది. 1931, 32లలో వైగాట్‌స్కీ సహచరుడు లూరియా మధ్య ఆసియాలోని ఉజ్బెకిస్తాన్ పల్లెలకు పోయాడు. చదువురాని రైతులను ఒక ప్రశ్న అడిగాడు. మంచు కురిసే ఉత్తర దేశంలో ఎలుగుబంట్లన్నీ తెల్లగా ఉంటాయి. ఫలానా ఊరు ఆ ఉత్తర దేశంలోనే ఉంది. మరి అక్కడి ఎలుగుబంటి ఏ రంగు? తెలుపు అని చెప్పాలి. కానీ చాలామంది చెప్పలేదు. నేను చూడలేదు, చూసినవాళ్ళను అడగండి అన్నారు. చూడనిదాన్ని చెప్పకూడదని వాళ్ళ పద్ధతి. అది మూర్ఖత్వమా? కాదు, నిజాయితీ. అయితే కొద్దిపాటి చదువు అబ్బినవాళ్ళు మాత్రం ఆ చిక్కు విప్పారు. అంటే బడి కూడా మనిషికి ఒక కొత్త రకం ఆలోచన నేర్పుతుంది. కళ్ళతో చూడనిదాన్ని మాటలతో తేల్చడం నేర్పుతుంది. అది కూడా కావాలి. మన పిల్లలకు తప్పకుండా కావాలి.

అందుకే నేను ఊరు గొప్పదా, బడి గొప్పదా అని పందెం పెట్టడం లేదు. రెండిటి మధ్యా దారి వేసేవాళ్ళు కావాలంటున్నాను. ఆ దారి దానంతట అది పడదు. దీనికి సాక్ష్యముంది. 2025లో నేచర్ అనే ప్రసిద్ధ సైన్సు పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. నోబెల్ బహుమతి అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో అందులో ఉన్నారు. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో కూరగాయలు, సరుకులు అమ్మే పిల్లలను చూశారు. ఎంత తూకానికి ఎంత ధర, ఎంత చిల్లర తిరిగివ్వాలి, అంతా నోటిలెక్క. గబగబా, దాదాపు తప్పు లేకుండా చేశారు. అదే పిల్లలకు బడిలో ఇచ్చేలాంటి లెక్క కాగితం మీద ఇస్తే చాలామంది చేయలేకపోయారు. ఇక బడి పిల్లలను చూశారు. వాళ్ళు కాగితం లెక్క మెరుగ్గా చేశారు, బజారు లెక్క దగ్గర తడబడ్డారు. అంటే అటు పిల్లలకు ఇటు దారి లేదు, ఇటు పిల్లలకు అటు దారి లేదు.

మన వారపు సంతల్లో కూడా ఇలాంటి పిల్లలు కనిపిస్తారు. ఇప్పపువ్వు అమ్మి, ఉప్పూ నూనే కొని, మిగిలిన చిల్లర లెక్క చూసుకునే పిల్లలు. వాళ్ళకు లెక్కలు రావనడానికి లేదు. వచ్చిన లెక్కను పలక మీదికి తెచ్చే మనిషి కావాలి. "నిన్న సంతలో ఏం చేశావు? అదే ఇప్పుడు ఇలా రాద్దాం" అనే మనిషి కావాలి. "50 ఆకులు ఒక కట్ట. మీ ఇంట్లో నిన్న ఆరు కట్టలు కట్టారు. మొత్తం ఎన్ని ఆకులు?" అని అడిగితే చాలు. గుణకారం అక్కడే ఉంది.

ఇక భాష సంగతి. ఇది కొత్త మాట కాదు. 1956లోనే మన రాజ్యాంగంలో 350-ఏ అధికరణం చేరింది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక చదువు మాతృభాషలో చెప్పే సదుపాయం కల్పించమంటుంది అది. దానికంటే ముందే, 1940లలో, హైమెండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయిలో గోండులకు గోండి భాషలోనే చదువు మొదలుపెట్టించాడు. మన గోదావరి పక్క పాపికొండల్లో కొండరెడ్ల మధ్య తిరిగి పుస్తకం రాసింది కూడా ఆయనే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలో 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషల్లో, తెలుగు లిపిలోనే, చిన్న తరగతులకు పుస్తకాలు తయారుచేశారు. అందులో కోయ ఉంది. 2020 జాతీయ విద్యావిధానం కూడా వీలైనంతవరకు ఐదో తరగతిదాకా ఇంటి భాషలో చెప్పమంటోంది. కాగితం మీద మాట ఎప్పుడూ ఉంది. తరగతి గదిలోకి అది వస్తూ, పోతూ ఉంది.

కొందరు తల్లిదండ్రులు అడుగుతారు. "కోయ మాకు వచ్చు కదా, బడిలో కూడా కోయ ఎందుకు? తెలుగు, ఇంగ్లీషు రావాలి కదా!" ఆ భయం సబబే. బిడ్డ బయట నెగ్గుకురావాలని ఏ తల్లికి ఉండదు? కానీ ఇంటి భాష వదిలితేనే కొత్త భాష వస్తుందనేది నిజం కాదు. ఒడిశాలో అజిత్ మహంతి అనే మనస్తత్వవేత్త కంధ తెగ పిల్లలను ఏళ్ళ తరబడి చూశారు. ఒకవైపు, తమ కుయి భాషను వదిలేసి ఒడియా ఒక్కటే మాట్లాడే పిల్లలు. ఇంకోవైపు, కుయి, ఒడియా రెండూ మాట్లాడే పిల్లలు. బుద్ధికి పెట్టిన పరీక్షల్లో రెండు భాషల పిల్లలే ముందున్నారు. మన పక్క చూడండి. కోయ, లంబాడీ, తెలుగు పిల్లలు ఒకేచోట ఆడుకునే ఊళ్ళెన్నో ఉన్నాయి. ఆటలో ఎవరితో ఏ భాష మాట్లాడాలో ఆరేళ్ళ పిల్లకు తెలుసు. మనిషి మారగానే మాట మారుస్తుంది. ఎదుటివాళ్ళకు ఏం తెలుసో, ఏం తెలియదో కనిపెట్టి మాట్లాడటం చిన్న తెలివి కాదు.

ఇంకా కష్టంలో ఉన్న పిల్లలు కూడా మన మధ్య ఉన్నారు. ఇరవై ఏళ్ళ కిందట ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా నడిచిన సల్వాజుడుం గొడవల్లో ఇళ్ళొదిలి వచ్చిన గొత్తికోయ కుటుంబాలు మన అడవుల్లో గుడిసెలు వేసుకున్నాయి. ఆ పిల్లలకు ఊరు కొత్త, తెలుగు కొత్త. వాళ్ళు బడిలో నోరు విప్పకపోతే ముందు వాళ్ళ బుద్ధిని అనుమానించకండి. వాళ్ళతో వాళ్ళ మాటలో మాట్లాడే ఒక్క మనిషి బడిలో ఉన్నారా లేదా, అది చూడండి.

ఇంతసేపూ పెద్ద పిల్లల సంగతే చెప్పాను. ఒళ్ళో ఉన్న పసిబిడ్డల గురించి కూడా ఒక్క మాట. 2003లో అమెరికాలో పెట్రీషియా కుల్ అనే శాస్త్రవేత్త తొమ్మిది నెలల పిల్లలతో ఒక ప్రయోగం చేసింది. వాళ్ళు ఎప్పుడూ వినని చైనా భాషను వినిపించింది. కొందరు పిల్లల ముందు చైనా మనిషి కూర్చుని, పుస్తకం చూపిస్తూ, ఆడిస్తూ మాట్లాడారు. ఆ పిల్లలు ఆ భాష శబ్దాల తేడాలు పట్టుకున్నారు. ఇంకొందరికి అవే మాటలు టీవీలో చూపించారు. ఏమీ అబ్బలేదు. ఇంకొందరికి గొంతు ఒక్కటే వినిపించారు. అదీ అబ్బలేదు. అంటే పసిబిడ్డ ముందు ఫోను పెట్టి పనికి పోతే బిడ్డ ఏడవదేమో గానీ మాట నేర్వదు. ఆ మాటకొస్తే, రేడియోలో మాట్లాడుతున్న నేను కూడా ఆ బిడ్డకు పనికిరాను! మొహంలో మొహం పెట్టి, ఊఁ కొడుతూ మాట్లాడే మీరే పనికొస్తారు.

ఇదంతా విని మన ఆచారాలన్నీ మంచివే అనుకోవద్దు. చెల్లినో తమ్ముడినో చూసుకోవాలని ఆడపిల్లను బడి మాన్పించేదీ మనమే. చిన్న వయసులో పెళ్ళి చేసేదీ మనమే. అది కూడా మన మధ్య నుంచే బిడ్డ తలలోకి పోతుంది. "నాకు చదువెందుకు" అని ఆ పిల్ల తనలో తనే అనుకుంటుంటే, ఆ మాట ముందు ఎవరి నోట్లో ఉందో వెతుక్కోవాలి. కడుపు నిండని బిడ్డకు, మలేరియాతో నెలనెలా పడకేసే బిడ్డకు మాటొక్కటే చాలదు కూడా. తిండి కావాలి, మందు కావాలి, మాట కావాలి.

మరి ఏం చేద్దాం? అంగన్‌వాడీ టీచర్లకు ఒక మనవి. వారానికి ఒక పూట ఊరి పెద్దమ్మ ఒకరిని కేంద్రానికి పిలవండి. కథ చెప్పమనండి, రేల పాట పాడమనండి. ఆవిడ భాషలోనే చెప్పనివ్వండి. విన్న కథకు పిల్లల చేత బొమ్మలు గీయించండి. బడి టీచర్లకు ఇంకో మనవి. బిడ్డకు ఏం రాదో రాసుకునే పుస్తకం మీ దగ్గర ఉంది. ఏం వచ్చో రాసుకునే పేజీ ఒకటి అందులో పెట్టండి. ఎన్ని చెట్ల పేర్లు చెబుతుంది, ఎంత చిల్లర లెక్క చేస్తుంది, ఎన్ని భాషల్లో ఆడుకుంటుంది. పాఠం అక్కడ నుంచి మొదలుపెట్టండి. ఆశ్రమ పాఠశాల వార్డెన్లకు మరో మాట. ఆరేళ్ళకే ఇల్లు వదిలి వచ్చిన బిడ్డకు నాయనమ్మ ఉండదు. పెద్ద తరగతి పిల్లను ఒకరిని తోడివ్వండి. రాత్రిపూట వాళ్ళ భాషలో కబుర్లు చెప్పుకుంటుంటే కసరకండి. ఆ కబుర్లు కూడా చదువే.

ఇక అమ్మలకు, నాన్నలకు, తాతలకు, నాయనమ్మలకు. చదువు రాదని వెనక్కి తగ్గకండి. పిల్లల బుద్ధిలో సగం పని మీ చేతిలో ఉంది. ఈ రాత్రికి ఒక్క పని చేయండి. అన్నం తినేటప్పుడు పిల్లలను ఒక ప్రశ్న అడగండి. మీకు జవాబు తెలిసిన ప్రశ్న వద్దు. నిజంగా మీకు తెలియనిది అడగండి. "ఈ రోజు బడికి పోయే దారిలో ఏం చూశావు?" అని అడగండి. చెప్పింది వినండి. "తర్వాత ఏమైంది?" అనండి. "ఎందుకలా అయింది?" అనండి. తప్పు చెబితే దిద్దకండి, "మళ్ళీ చెప్పు" అనండి. నెల రోజులు ఇలా చేసి చూడండి. ఆ తర్వాత మీరు అడగకముందే ఆ ప్రశ్నలు వాళ్ళే మిమ్మల్ని అడగడం మొదలుపెడతారు. అప్పుడు మాత్రం విసుక్కోకండి. జవాబు తెలిస్తే చెప్పండి. తెలియకపోతే, "రేపు మీ టీచరును అడిగి నాకూ చెప్పు" అనండి.